దీపాల వరుసలో నీళ్ళు

కోలారు జిల్లాలో, బూదికోటకు పోయే దారిలో ఉన్న మా గ్రామ పంచాయతీలో నేను నీరుగంటిగా పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ చెప్పేది నా ఉద్యోగంలో చివరి ఏడాది సంగతి. దీపావళి వెళ్ళిన వారంలో, ఊరి నీళ్ళ ట్యాంకు కింద ఒక ఇనుప పెట్టె బిగించిన రోజున అది మొదలైంది.

మా తాతల కాలంలో నీరుగంటి అంటే చెరువు తూము ఎత్తి, వంతు ప్రకారం పొలాలకు నీళ్ళు పారించే మనిషి. తరతరాలుగా అది మా ఇంటి పని. చెరువులు ఎండి బోర్లు వచ్చాక పంచాయతీవాళ్ళు మా నాయనను, ఆయన తరువాత నన్ను తాగునీటి పనికి పెట్టుకున్నారు. పేరు మాత్రం పాతదే మిగిలింది. పంచాయతీలో ఓట్లతో గెలిచి వచ్చే అధ్యక్షులు, సభ్యులు ఒక పక్క. సర్కారు మనిషి పీడీవో గారు, ఆయన కింద గుమాస్తా, బిల్లు కలెక్టరు ఇంకో పక్క. అందరి కింద నేను. నాలుగో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, ఆ మెట్టు నాకు చాలనుకునేవాణ్ణి.

పని ఏమిటంటే, బోరు మోటరు వేసి ట్యాంకు నింపాలి. ట్యాంకు నుంచి ఊళ్ళోకి అయిదు పైపులైన్లు పోతాయి. ఒక్కో లైనుకు నేలలో ఒక గుంత, గుంతలో ఒక వాల్వు. నడుమెత్తు ఇనుప కమ్మికి పైన అడ్డపిడి ఉంటుంది, దాన్ని కీ అంటాము. కీని గుంతలోకి దించి తిప్పితే ఆ వీధికి నీళ్ళు పోతాయి. అయిదు లైన్లకూ ఒకేసారి వదిలితే నీళ్ళకు బలం చాలదు, మిట్టమీది ఇళ్ళకు ఎక్కవు. కాబట్టి ఒకటి కట్టి ఇంకొకటి వదలాలి. కరెంటు పోతే మోటరు ఆగుతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది, పని అక్కడికి నిలుస్తుంది. మళ్ళీ కరెంటు వచ్చాక నేను నిలిపిన గుంత దగ్గరనుంచే మొదలుపెట్టేవాణ్ణి. పొద్దున మూడు వీధులకు పోయి ఉంటే సాయంత్రం నాలుగో వీధికి. ఇది ఎవరూ చెప్పిన పద్ధతి కాదు, ఎవరికైనా తోచేదే.

అయిదు లైన్లలో మొదటిది పటేలు వీధి. తరువాత గుడి వీధి, బజారు వీధి, బడి వెనకాల కొత్త ఇళ్ళు, చివరకు దిగువ వీధి. దిగువ వీధి మాది. ఊరికి ఎడంగా, వంక దాటి ఉంటుంది. ఊరి నీళ్ళన్నీ నా చేతిమీదుగా పోయేవి, దానికి ఎవరికీ పట్టింపు లేదు. నా చెంబులో నీళ్ళు మాత్రం పైవీధులవాళ్ళు తాగరు. ఈ రెండింటి మధ్యనే నా నౌకరీ గడిచింది.

కీ పట్టుకున్నవాడికి రెండు పక్కలా తిట్లే. పైవీధులవాళ్ళు, "మీ వీధికి ఇడిచినప్పుడు మాత్రం కునుకు పడ్తాదేమప్పా నీకు? ఇంతసేపా?" అనేవాళ్ళు. మా ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని గుంత దగ్గరే కూచునేవాళ్ళు. "జరగండే, కీ మారాజు వస్తాండాడు" అని ఒకరంటే, "మారాజే, వాళ్ళింట్లో కూడా కడవ ఖాళీగానే ఉండాది" అని ఇంకొకరు. నవ్వుకుంటూనే అనేవాళ్ళు గాని, దినమూ ఒకరి దయకు కాచుకుని కూచోవడంలో నవ్వు ఎంతసేపు ఉంటుంది?

ఆ కూచోవడం మాన్పించాలని పట్టుబట్టింది రత్నమ్మ. మా అన్న కూతురు, ఆడవాళ్ళ సీటులో గెలిచి మా వీధికి పంచాయతీ సభ్యురాలు అయింది. పక్క తాలూకాలో ఎక్కడో కరెంటుతో తిరిగే వాల్వులు పెట్టారని, మనిషి అక్కరలేకుండా పెట్టె తానే ఒక్కో వీధికి సమానంగా వదులుతుందని విని వచ్చింది. నాతో మొదట చెప్పింది.

"నీ పని పోతాదని కోపం చేసుకోవద్దు చిన్నాయనా. నువ్వు మావాడివే, అయినా నిన్ను కూడా అడుక్కుంటాండాము కదా. మిషన్‌కి కులముందా? అది ఎవురి మొగం చూస్తాది?"

"నాకేం కోపం లేదమ్మా. తిట్లు తినేదానికి అదన్నా వస్తే నాకు మేలే" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆమె ఏడాదిపాటు ప్రతి సభలోనూ ఇదే మాట ఎత్తింది. పీడీవో గారు మంచివాడు, పథకం దొరికింది. బెంగళూరు కంపెనీ నుంచి ప్రదీప్ అని ముప్పై ఏళ్ళ టెక్నీషియను వచ్చాడు. కన్నడం కలిపి తెలుగు మాట్లాడేవాడు, నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. గుంతల్లో నా పాత వాల్వులు తీసి మోటరు వాల్వులు పెట్టాడు, తీగలన్నీ పెట్టెలోకి తెచ్చాడు. ఒక్కో వీధికీ సమానమైన సమయం. అంతా ముగిసి, ఊరివాళ్ళు చుట్టూ నిలబడి ఉండగా అడిగాడు.

"ఏ లైను ఒకటి, ఏది రెండు? వరుస చెప్పండి."

పెట్టెకు దగ్గరగా ఉన్నది రత్నమ్మ. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పటేలు వీధి, గుడి వీధి, బజారు, కొత్త ఇళ్ళు, దిగువ వీధి. చుట్టూ ఉన్న పదిమందీ అవునన్నట్టు తల ఊపారు. నేనూ ఊపాను.

ఆ వరుస ఎక్కడిదో చెప్పాలి. మా వైపు ఊళ్ళలో గంగమ్మ జాతరకు తంబిట్టు దీపాలు ఎత్తుతారు. బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దను గుంతగా నొక్కి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. దాన్ని పూలతో తట్టలో పెట్టుకుని ఆడవాళ్ళు నెత్తిన ఎత్తుకుని గుడికి నడుస్తారు. ముందు పటేలు ఇంటి దీపం కదలాలి. దాని వెనక వాళ్ళ వీధి, దాని వెనక గుడి వీధి, అట్లా. దిగువ వీధి దీపాలు అన్నిటికంటే వెనక, కొంచెం ఎడం వదిలి. తప్పెట కొట్టేవాడు వీధుల పేర్లు పిలుస్తూ పోతాడు. ఊళ్ళో పుట్టిన పిల్ల ఎవరైనా మాటలు వచ్చిననాటినుంచీ వినే వరుస అది. కీ నా చేతిలో ఉన్నప్పుడు నేను తిప్పిందీ ఆ వరుసలోనే.

ప్రదీప్ అదే వరుస పెట్టెలో ఎక్కించాడు. వాల్వులకు చేత్తో తిప్పేదానికి ఒక పిడి ఉంటుంది, దాన్ని ఉంచమంటారా అని అడిగాడు. రత్నమ్మ వద్దంది. "పిడి ఉంటే ఎవురో ఒకరు దబాయించి తిప్పించుకుంటారు. ఎవురి చెయ్యీ తగలకూడదు." పిడి తీసి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. గుంతలమీద మూతలు వేసి వాటికీ తాళాలు వేశారు. నా కీ మా ఇంట్లో తలుపు మూలకు చేరింది. ట్యాంకు కడగడం, బ్లీచింగ్ పొడి కలపడం, కారిన పైపులకు అతుకు వేయడం, ఇంతే నాకు మిగిలింది.

చలికాలమంతా పెట్టె బాగా నడిచింది. ఆ కాలంలో కరెంటు నిలకడగా ఉంటుంది. మా వీధి ఆడవాళ్ళు గుంత దగ్గరకు పోవడం మానేశారు. కొళాయి తిప్పి ఇంట్లో పని చేసుకుంటూ ఉంటే నీళ్ళు తామే వచ్చేవి. రత్నమ్మ మొగుడు బండపని చేసే నాగప్ప, "మా సభ్యురాలు గంగమ్మనే ఇంటికి పిలిపించింది" అని అందరితో చెప్పుకునేవాడు. మా వీధిలో మనుషులు అంత తేలికగా ఊపిరి తీసుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

శివరాత్రి ముందర రత్నమ్మ ఒక్కగానొక్క కూతురు గీత కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అత్తగారిది శ్రీనివాసపురం దగ్గర. మామ ఆఫీసు నౌకరీ చేసి రిటైరైనవాడు, కొంచెం కలిగిన ఇల్లు. మా వీధిలో తొలి కాన్పుకు కూతుర్ని తెచ్చుకుంటే అయిదో నెల దాకా పంపరు. బాలింతకు దినమూ కాగే నీళ్ళు రెండు గంగాళాలు కావాలి, బిడ్డకు వేరే. బిడ్డ బట్టలు పూటకు ఒక దండెం. ఆ అయిదు నెలలూ లోటు లేకుండా సాగితేనే పుట్టింటికి పేరు. ఆడపిల్ల పుట్టింది. కోలారు ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న రోజు నేనూ వెళ్ళి చూశాను. పిడికిళ్ళు బిగించి నిద్రపోతున్న బిడ్డను చూపించి గీత, "నీ మాదిరే తాతా, కీ పట్టుకోనుండాది" అంది. ఇల్లంతా నవ్వింది.

ఎండలు మొదలయ్యాక కరెంటు ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. మా వీధి కొళాయిలు ఎండిపోయాయి. మొదట ఒకరోజు, తరువాత వరసగా. పైవీధులకు మాత్రం నీళ్ళు అందుతూనే ఉన్నాయి. పైపులో ఏదో అడ్డం పడిందనుకున్నాను. వంక దగ్గర తవ్వి చూశాను, జాయింట్లు విప్పి చూశాను. పైపు శుభ్రంగా ఉంది. పీడీవో గారితో చెప్పాను. ఆయన కంపెనీకి ఫోను చేశాడు, మనిషి వస్తాడన్నారు, రాలేదు. పిడి తీసి ఇస్తే చేత్తో వదులుతానన్నాను. "అది బీరువాలో పెట్టేదానికి సభ తీర్మానం చేసుండాది కదా మునియప్పా, మళ్ళీ సభలోనే ఒప్పుకోవాల" అన్నాడు. తీర్మానం పెట్టించింది రత్నమ్మే. సభ ఇంకా దూరం ఉంది.

నాగప్ప సైకిలుకు కుండలు కట్టుకుని పొలాల బోర్ల దగ్గరకు పోయేవాడు. కరెంటు లేక అక్కడా మోటర్లు తిరిగేవి కావు. ఉన్న నీళ్ళు బిడ్డకు చాలేవి, తల్లికి చాలేవి కావు. పటేలు ఇంటి పెద్దామె సీతమ్మ గారికి ఈ సంగతి తెలిసింది. జాతరలో మొదటి దీపం ఆమెదే. చెడ్డ మనిషి కాదు. "బాలింతుండే ఇంట్లో నీళ్ళు లేకపోతే ఎట్లా? మా తొట్టి నిండుగా ఉండాది, వచ్చి పట్టుకోని పొమ్మను రత్నమ్మను" అని నాతోనే కబురు పంపింది.

రత్నమ్మ రెండు రోజులు పోలేదు. మూడోరోజు పోయింది. గేటు బయట బిందె దించి ఎడంగా నిలబడాలి. పనిమనిషి లోపలినుంచి చెంబుతో తెచ్చి, తగలకుండా ఎత్తునుంచి పోస్తుంది. పంచాయతీ సభ్యురాలు, సభలో కుర్చీలో కూచునే మనిషి, కొంగు బిగించి నిలబడి బిందె నిండేదాకా కాచుకునేది. వచ్చేటప్పుడు సీతమ్మ గారు, "బిడ్డ ఎట్లుండాదమ్మా?" అని అడిగేది. మంచి మాటే. "బాగుండాదమ్మా" అని రత్నమ్మ చెప్పేది.

ఒకరోజు గీత అత్తగారు మనవరాలిని చూడాలని బస్సు దిగి నడిచి వస్తూ ఆ గేటు ముందర ఆగింది. నేను ట్యాంకు దగ్గరనుంచి వస్తూ ఇద్దరినీ చూశాను. ఎత్తునుంచి నీళ్ళు పడుతున్నాయి. బిందె నిండేదాకా గీత అత్తగారు అక్కడే నిలబడింది. రత్నమ్మ నెత్తిమీద బిందెతో ముందు నడిచింది, వియ్యపురాలు వెనక నడిచింది, వాళ్ళ వెనక నేను. ఇంటికి పోయి, ఆ వియ్యపురాలు బిడ్డను ఎత్తుకుని, కాఫీ కూడా ముట్టకుండా అంది.

"నేను పిల్లను తీసుకోని పోతాను వదినా. కోపమేమీ లేదు. మా ఇంట్లోనే నల్లి ఉండాది, తిప్పితే నీళ్ళొస్తాయి, మేము ఎవురి గేటు ముందరా నిలబడము. మూణ్ణాలుగు తరాలు అట్లా నిలబడినాము, చాలు. నా మనవరాలికి ఆ నీళ్ళు వద్దు."

"నెల కూడా నిండలేదు కదొదినా. ఇప్పుడు పంపిస్తే ఊరేమనుకుంటాది నన్ను?" అంది రత్నమ్మ.

"ఊరు అనుకునేదానికే మనం ఇట్లయితిమి" అంది ఆమె.

గీత తల్లి వైపు ఒకసారి చూసింది. తరువాత బిడ్డ బట్టలు మడవడం మొదలుపెట్టింది. ఆటోలో ఎక్కించేటప్పుడు రత్నమ్మ బిడ్డ నుదుట చుక్క పెట్టబోయి, చెయ్యి తడిగా ఉందని కొంగుకు తుడుచుకుని పెట్టింది. ఆమె ఏడవలేదు. ఆటో పోయాక నాతో, "పెట్టెను నేనే తెస్తిని చిన్నాయనా. దానికి కులం లేదంటిని. మరి మనకొక్కరికే ఎందుకు రాదు?" అంది.

జవాబు ప్రదీప్ తెచ్చాడు. ఆ వారంలోనే వచ్చి పెట్టె తలుపు తీసి కూచున్నాడు. అతను చూస్తుండగానే కరెంటు పోయింది, వచ్చింది. పెట్టెలో ఒకటో నంబరు దీపం వెలిగింది. కాసేపటికి మళ్ళీ పోయింది, వచ్చింది. మళ్ళీ ఒకటే. అతను తల పట్టుకున్నాడు.

"ఛే, ఇదప్పా తప్పు. కరెంటు పోతే దీనికి యాడ నిలిపిందో గుర్తుండదు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాది. ముక్కలు ముక్కలుగా వస్తే అయిదు దాకా పోయేదే లేదు. కంపెనీలో దీన్ని చేసినప్పుడు కరెంటు పోతాదని ఎవురూ అనుకోలేదు." అతను తప్పించుకోలేదు, తమ లోపమేనని పీడీవో గారి ముందర ఒప్పుకున్నాడు.

సభ పిలిచారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ప్రదీప్ రెండు దారులు చెప్పాడు. గుర్తు పెట్టుకునే భాగం కంపెనీనుంచి రావాలి, ఎప్పుడొస్తుందో తాను చెప్పలేడు. రెండోది ఇప్పటికిప్పుడు అయ్యేది. నంబర్లు మార్చడమే. ఒకరోజు ఒకటినుంచి మొదలైతే మరుసటి రోజు అయిదునుంచి, ఆ తరువాత నాలుగునుంచి, అట్లా. లోటు వస్తే అందరికీ సమంగా వస్తుంది. మీట నొక్కితే ముగిసిపోతుందన్నాడు.

గుడి వీధి సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "దిగువ వీధినుంచి మొదలుపెట్టేదా? దీపాల వరుస అట్లా లేదు కదప్పా."

"దీపాలకీ నీళ్ళకీ ఏం సంబంధం సార్?" అన్నాడు ప్రదీప్. అప్పుడు అడిగాడు, "అసలు ఈ వరుస నాకు చెప్పిందెవరు?"

"నేనే" అంది రత్నమ్మ. లేచి నిలబడింది. "నేనే చెప్పినాను. నోట్లోనుంచి అదే వచ్చె. ఇంకొక వరుస ఉంటాదని కూడా నాకు తోచలేదు. ఇప్పుడు తోచింది. మార్చండి."

"కూచోమ్మా. నీళ్ళు ఇయ్యొద్దని ఎవురన్నారు?" అన్నారు అధ్యక్షులు మెత్తగా. "వరుస మార్చొద్దంటాండాము, అంతే. జాతర దగ్గరికొచ్చె. ఊళ్ళో లేనిపోని మాటలొస్తాయి. నీళ్ళంటావా, ఇంకో దారి చూద్దాం."

దారి బజారు వీధి సభ్యుడు చెప్పాడు. దిగువ వీధిలాంటి వాడలకని సర్కారులో వేరే నిధి ఉంది. వంక పక్కన కొత్త బోరు వేసి, నల్ల ట్యాంకు పెట్టి, ఆ వీధికే కొళాయిలు ఇస్తే సరి. "వాళ్ళ నీళ్ళు వాళ్ళకి. ఎవురి కోసమూ కాచుకోవద్దు." అందరి మొహాలూ వికసించాయి. కిటికీ దగ్గర నిలబడి వింటున్న మా వీధివాళ్ళు కూడా సంతోషపడ్డారు. సొంత బోరు అంటే చిన్న మాటా? అధ్యక్షులు చెప్పగా కూచున్న రత్నమ్మ మాత్రం లేవకుండానే, "నంబరు మార్చేదానికి చేతకాదు, భూమిని తవ్వేదానికి అవుతాది" అంది. గుమాస్తాకు వినిపించింది గాని ఆ మాట మినిట్సులో రాయలేదు.

బోరు లారీ వచ్చింది. ఎక్కడో లోతున నీళ్ళు పడ్డాయి. ట్యాంకు నిలబెట్టారు, కొళాయిలు వచ్చాయి. ప్రదీప్ మళ్ళీ వచ్చి పెట్టెలోనుంచి అయిదో నంబరు తీసేశాడు. పోయేటప్పుడు నాతో, "నా చేత్తో ఇట్లాంటి పని చేయించినారు చూడప్పా" అన్నాడు. అయిదో గుంతలో మోటరు వాల్వు విప్పుకుని పోయాక, ఆ పైపు నోరు మూసే పని నాది. మూత బిగించి, గుంతలో సిమెంటు కలిపి పోసి, మట్టంగా చేశాను. ఉద్యోగంలో నేను చేసిన చివరి పెద్ద పని అదే.

కొత్త బోరు నీళ్ళు ఎప్పుడూ ఆగలేదు. అయితే అందులో ఫ్లోరైడు ఉంది. గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది, పప్పు ఉడకదు, పిల్లల పళ్ళమీద గోధుమరంగు గీతలు వస్తున్నాయి. తాగేదానికి మా ఆడవాళ్ళు ఇప్పుడు పైవీధి గేట్ల దగ్గరకు పోయి బిందెలు దించి నిలబడతారు. సీతమ్మ గారు పోయారు, వాళ్ళ కోడలు కూడా అడిగిన వాళ్ళకు కాదనదు. గీత రెండో కాన్పుకు పుట్టింటికి రాలేదు. రత్నమ్మ పిలవనూ లేదు. ఆ తరువాతి ఎన్నికల్లో ఆమె నిలబడలేదు.

తిరిగి చూసుకుంటే ఈ వ్యవహారంలో పెట్టెది పెద్ద తప్పేమీ లేదు. కొత్త యంత్రం ఏది వచ్చినా మొదట వరుస అడుగుతుంది. చుట్టూ ఉన్న మనుషులు తమ నోట ఉన్నది చెప్తారు. తప్పు బయటపడ్డాక దిద్దేటప్పుడు కూడా ఆ వరుసకు దెబ్బ తగలని దారే వెతుకుతారు, దానికి ఎంత తవ్వాల్సి వచ్చినా సరే. కీ మనిషి చేతిలో ఉన్నప్పుడు ఆ వరుసలో కొంత సందు ఉండేది. యంత్రంలోకి ఎక్కాక అది పోయింది. నీళ్ళ పనిలో ఇన్నేళ్ళకు నాకు తెలిసింది ఇది.

పెద్ద ట్యాంకు కింద పెట్టె ఇప్పటికీ నడుస్తోంది. కరెంటు వచ్చినప్పుడల్లా ఒకటినుంచి మొదలుపెట్టి నాలుగు దాకా పోయి ఆగుతుంది.